ప్రశ్నపత్రంలో లేని ప్రశ్న: విజ్ఞానశాస్త్ర బోధనలో విద్యార్థి జిజ్ఞాస – కొల్లేటి పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యార్థి తన ప్రశ్నతో మొదలుపెట్టి విజ్ఞానశాస్త్రం నేర్చుకోవాలన్న ఆశయం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధిపత్రం ద్వారా పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. ఆ ఆశయం తెలుగు వాక్యంలో ఏ రూపం తీసుకుంది, తరగతిగదిలో అది ఎక్కడ ఆగిపోయింది, ఉపాధ్యాయుడు చేయగల సహాయం ఏమిటి అనే విషయాలను ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల ఉదాహరణలతో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: విజ్ఞానశాస్త్ర బోధన, పాఠ్యపుస్తక విమర్శ, ప్రశ్నార్థక వాక్యం, అన్వేషణ పద్ధతి, కొల్లేరు

1. ఉపోద్ఘాతం

తెలుగు మాధ్యమ విజ్ఞానశాస్త్ర ప్రశ్నపత్రాన్ని వ్యాకరణదృష్టితో చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది. చాలాకాలం పాటు అందులో ప్రశ్నార్థక వాక్యాల కంటే విధ్యర్థక వాక్యాలదే పైచేయి. నిర్వచింపుము, తెల్పుము, నిరూపింపుము, పటసహాయమున వివరింపుము, భేదములు వ్రాయుము: ఇవన్నీ ఆజ్ఞలు. పేరుకు అది ప్రశ్నపత్రమే గాని అందులో అడగడం తక్కువ, ఆదేశించడం ఎక్కువ. గ్రాంథిక క్రియారూపాలు పోయి ‘రాయండి’, ‘వివరించండి’ వచ్చిన తరువాత మర్యాద పెరిగిందేమో గాని వాక్యస్వభావం మారలేదు. ఇల్లు, వీధి, సంతల్లో తెలియనివాడు తెలిసినవాణ్ణి అడుగుతాడు. బడిలో మాత్రం జవాబు చేతిలో పెట్టుకున్నవాడు అది లేనివాణ్ణి అడుగుతాడు. విద్యార్థి పది పన్నెండేళ్ళు ఈ తలకిందుల సంభాషణలోనే పెరుగుతాడు. ఆ తరువాత అతనికి ప్రశ్నించే స్వభావం లేదని వాపోవడం సబబు కాదు.

పాఠ్యపుస్తకం వెలుపలి తెలుగు విజ్ఞాన రచన ఈ విషయంలో కొంత మెరుగు. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదులో నెలకొల్పిన విజ్ఞానచంద్రికామండలి మొదలుకొని, విజ్ఞానాన్ని తెలుగులో చెప్పడమే ఒక ఉద్యమంగా సాగింది. మహీధర నళినీమోహన్ తన పుస్తకాలకు ‘కేలెండర్ కథ’, ‘రాకెట్టు కథ’ అని పేర్లు పెట్టుకోవడంలో ఆ ఉద్యమపు బలం, పరిమితి రెండూ కనిపిస్తాయి. కథ చెప్పేవాడు ఆసక్తిని పుట్టిస్తాడు, వినేవాడు ఊకొడతాడు. పాఠకునికి అంతకుముందు తట్టని ప్రశ్నను రచయిత తానే వేసి, తానే విప్పుతాడు. తెలుగులో విజ్ఞానపదజాలానికి, సుబోధమైన వచనానికి ఈ రచనలు చేసిన మేలు తక్కువది కాదు. అయితే ఊకొట్టడం వేరు, అడగడం వేరు. ఈ రెండో పని నేర్పవలసిన బాధ్యత చివరకు తరగతిగది మీదనే పడింది.

2. ‘ప్రశ్నించడం’ ఒక విద్యాప్రమాణంగా

2011 పరిధిపత్రం తరువాత వచ్చిన విజ్ఞానశాస్త్ర పుస్తకాలు ఈ బాధ్యతను గుర్తించాయి. విషయావగాహన ఒక్కటే చదువు కాదని చెప్పి, ఏడు విద్యాప్రమాణాలను నిర్దేశించాయి. వాటిలో రెండోది ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం. మూడోది ప్రయోగాలు, క్షేత్రపరిశీలనలు. విద్యార్థి అడిగే ప్రశ్నకు పాఠ్యప్రణాళికలో ఇంత స్పష్టమైన చోటు దొరకడం తెలుగు పాఠ్యపుస్తక చరిత్రలో చిన్న విషయం కాదు. పాఠం మధ్యలో ఆగి ఆలోచించమనడం, ప్రయోగఫలితాన్ని ముందుగా చెప్పకపోవడం, ఇరుగుపొరుగును అడిగి పట్టిక నింపమనడం ఆ పుస్తకాల్లో తరచు కనిపిస్తాయి. వాటిని తయారుచేసిన ఉపాధ్యాయ రచయితల శ్రద్ధను ఏ విమర్శ అయినా ముందుగా ఒప్పుకోవాలి.

చిక్కు మరోచోట వచ్చింది. ప్రశ్నించడం విద్యాప్రమాణం అయ్యాక దానికి మార్కులు కేటాయించాలి. మార్కులు కేటాయించాక దాన్ని పరీక్షలో అడగాలి. ఆ విధంగా ఒక కొత్త నమూనా పుట్టింది. ఫలానా విషయం తెలుసుకోవడానికి ఒక వైద్యుడినో, పర్యావరణ శాస్త్రవేత్తనో కలిస్తే ఏయే ప్రశ్నలు అడుగుతావో రాయమనేది ఆ నమూనా. ఊహ బాగున్నది. కాని కొద్దికాలంలోనే బజారులోని గైడ్లు ఆ ప్రశ్నలను కూడా సిద్ధం చేసి అచ్చువేశాయి. విద్యార్థి నాలుగు ప్రశ్నలు బట్టీపట్టి, ఎదురుగా లేని వైద్యుణ్ణి జవాబుపత్రంలో అడిగి, రెండు మార్కులు పొంది ఇంటికి వెళతాడు. ఆ ప్రశ్నలకు జవాబులేమిటో అతనికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. జవాబును బట్టీపట్టడం పాత వ్యాధి. ప్రశ్నను బట్టీపట్టడం కొత్తది. పాతదానిలో కనీసం ఒక సమాచారమైనా మిగిలేది.

ఈ స్థితికి ఉపాధ్యాయుణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టడం అన్యాయం. ఉపాధ్యాయ శిక్షణలోనే ఇదే తంతు నడుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు చివరలో ఇంగ్లండులో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రచారం చేసిన అన్వేషణ పద్ధతి బి.ఎడ్. బోధనాపద్ధతుల పుస్తకాలన్నింటిలోనూ ఉంటుంది. దాని నిర్వచనం, ప్రయోజనాలు, పరిమితులు అనే వరుసలో ఉంటుంది. విద్యార్థిని ఆవిష్కర్త స్థానంలో నిలబెట్టాలన్న పద్ధతిని భావి ఉపాధ్యాయుడు కంఠస్థం చేసి పరీక్ష రాస్తాడు. నియామక పరీక్షకు వచ్చేసరికి దాని ప్రతిపాదకుని పేరు ఒక బహుళైచ్ఛిక ప్రశ్నగా మిగులుతుంది. తాను ఒక్కసారి కూడా నడవని దారిలో పిల్లలను నడిపించమంటే ఎవరికైనా కష్టమే.

3. కొల్లేరు: పాఠంలోనిది, ఊరిలోనిది

ఆ పుస్తకాల క్రమంలో పదవ తరగతి జీవశాస్త్రంలోని ‘మన పర్యావరణం’ పాఠం ప్రత్యేకంగా చెప్పదగినది. అందులో కొల్లేరు ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సులో నీరు, కలుపు, చేపల చెరువులు, వరిపొలాలు ఎంతెంత మేర ఆక్రమించాయో రెండు కాలాల గణాంకాలను పక్కపక్కన పట్టికగా ఇచ్చి, వాటి ఆధారంగా విద్యార్థిని ప్రశ్నించడం ఆ పాఠంలోని పద్ధతి. హైదరాబాదు సమీపంలోని ఎదులాబాదు చెరువు చేపల్లో భారలోహాలు పేరుకొనడం గురించీ అదే పాఠం చెప్పింది. తెలుగు నేలమీది ఒక నీటివనరును ఉదాహరణగా, అందులోనూ గాయపడిన ఉదాహరణగా, పాఠంలోకి తీసుకురావడం సాహసమే.

అయినా ఆ పాఠంలోని ప్రశ్నలను జాగ్రత్తగా చూస్తే, అవి పట్టిక నుంచి పట్టికకే తిరిగివస్తాయి. ఏది పెరిగింది, ఏది తగ్గింది, కారణాలేమిటి? జవాబులు పక్క పేరాలోనే ఉన్నాయి. అనంతపురంలోనో శ్రీకాకుళంలోనో చదివే విద్యార్థికి ఇంతకంటే సాధ్యం కాకపోవచ్చు. కైకలూరు, మండవల్లి మండలాల గ్రామాల్లో చదివే విద్యార్థి సంగతి వేరు. పట్టికలో విస్తీర్ణంగా కనిపించే చేపల చెరువు గట్టు మీదనే అతని ఇల్లు ఉండవచ్చు. ఆ చెరువులో అతని తండ్రి కూలి కావచ్చు, కౌలుదారు కావచ్చు. పట్టికను చూడగానే అతనికి తట్టే ప్రశ్న పుస్తకంలో లేదు.

ఇక్కడ ఒక మాట గమనింపదగినది. భూగోళశాస్త్రంలో సమోన్నతరేఖ అని చెప్పే భావనను కొల్లేటి గ్రామాల పిల్లలు ఆ పాఠం రాకముందే ‘కాంటూరు’ అనే పేరుతో వింటారు. 1999లో సముద్రమట్టానికి +5 అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యం లోపలి చెరువుల గట్లను తెగ్గొట్టారు. హద్దును +3 కాంటూరుకు కుదించాలన్న కోరిక ఆ తరువాత రాజకీయ వేదికలపై పదేపదే వినిపించింది. ఒక సాంకేతికపదం రచ్చబండ మీది తగాదాల ద్వారా జనవ్యవహారంలోకి రావడం భాషాదృష్టితోనూ ఆసక్తికరమే. తరగతిలో సమోన్నతరేఖల పాఠం చెబుతున్నప్పుడు ఒక పిల్ల లేచి “మా చెరువు ఐదో కాంటూరు లోపలుందా, బయటుందా?” అని అడిగితే, అంతకంటే మంచి శాస్త్రీయప్రశ్న ఉండదు. దాన్ని పటం తెచ్చి కొలవవచ్చు. కాని ఆ ప్రశ్న తరగతిగదిలో ఆగదు. సాయంత్రానికి ఇంటికి, మరునాటికి గ్రామపెద్దల దగ్గరికి చేరుతుంది. ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నను మెల్లగా పక్కకు తప్పిస్తే అతనికి బోధనానైపుణ్యం లేదని తేల్చడం తొందరపాటు. విద్యార్థి జిజ్ఞాసను గురించిన చర్చల్లో ఈ భయం ప్రస్తావన దాదాపు కనిపించదు. వనరుల కొరత, సిలబస్ ఒత్తిడి, తరగతిలో పిల్లల సంఖ్య అనే మూడు కారణాలతో ఆ చర్చలు ముగుస్తాయి.

చేపల చెరువులు రాకముందరి కొల్లేటి బతుకును ఒక బాలుని అనుభవంగా చెప్పిన అక్కినేని కుటుంబరావు నవల ‘కొల్లేటి జాడలు’ను తెలుగు ఉపాధ్యాయుడు చదివించగలడు. అదే ఊళ్ళో విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు అదే సరస్సును తాకడానికి జంకుతాడు. సాహిత్యం గడిచిపోయినదాన్ని గురించి బాధపడనిస్తుంది గనుక దానికి అనుమతి సులభం. కొలత వర్తమానానికి సంబంధించినది.

4. ‘ఎందుకు’ నుంచి ‘ఎప్పుడు’, ‘ఎంత’ల దాకా

జిజ్ఞాస అనగానే ‘ఎందుకు’ అనే మాట గుర్తుకు రావడం సహజం. తెలుగులో ఈ పదం ప్రవర్తన కొంత విలక్షణమైనది. అది ప్రశ్నను పుట్టించగలదు, చంపనూగలదు. “ఎందుకు?” అని పిల్లవాడు అడుగుతాడు; “నీకెందుకు?” అని పెద్దవాడు బదులిస్తాడు. ఒక్క సర్వనామం ముందు చేరగానే కారణాన్ని అడిగే మాట అధికారాన్ని గుర్తుచేసే మాటగా మారిపోతుంది. తరగతిలో ఇంత కటువుగా ఎవరూ అనకపోవచ్చు. ‘అది పై తరగతిలో వస్తుంది’ అనే జవాబు అదే పనిని మర్యాదగా చేస్తుంది.

దీనికి భాషాపరమైన మరో కారణం కూడా ఉంది. ‘ఎందుకు’ అనే ప్రశ్న సాధారణంగా మనిషి వైపు తిరుగుతుంది. జవాబు చెప్పగల ఒక పెద్దను వెతుక్కుంటుంది. ‘ఎప్పుడు’, ‘ఎంత’, ‘ఎక్కడ’, ‘ఏ రోజుల్లో’ అనే ప్రశ్నలు వస్తువు వైపు తిరుగుతాయి. వాటికి చెరువు జవాబు చెప్పగలదు, కాలువ జవాబు చెప్పగలదు. విద్యార్థి జిజ్ఞాసకు ఉపాధ్యాయుడు చేయగల అతిముఖ్యమైన సహాయం ఈ మార్పిడిలోనే ఉంది. పిల్లవాని ‘ఎందుకు’కు జవాబు చెప్పడమూ కాదు, దాన్ని మెచ్చుకొని వదిలేయడమూ కాదు, ఆ పిల్లవాడు తానే వెళ్ళి చూడగలిగిన ‘ఎప్పుడు’గా, లెక్కపెట్టగలిగిన ‘ఎంత’గా దాన్ని మార్చుకోవడంలో తోడుండడం.

కొల్లేటి ప్రాంతం నుంచే ఉదాహరణ తీసుకోవచ్చు. మబ్బుపట్టిన రోజుల తరువాత తెల్లవారుజామున చేపలు నీటిపైకి తేలి నోళ్ళు తెరుస్తాయని చెరువుల మీద పనిచేసే ప్రతివారికీ తెలుసు. ఆ వేళకు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. చేపల చెరువుల్లో ఇంజన్లు పెట్టి నీరు చిమ్మడమో, ఆక్సిజన్ బిళ్ళలు చల్లడమో జరుగుతుంది. అదే పిల్లవాడు బడిలో, గరాటు కింద హైడ్రిల్లా మొక్కనుంచి ఎండలో బుడగలు రావడం పటం గీసి నేర్చుకుంటాడు. మొక్కలు రాత్రివేళ కూడా శ్వాసిస్తాయని మరో పాఠంలో చదువుతాడు. గట్టు మీద అతను చూసే చెరువులోని పచ్చదనం పగలు ప్రాణవాయువును విడిచి, రాత్రి చేపలతోపాటు తానూ దాన్ని వాడుకుంటుంది. మబ్బురోజున పగటి నిల్వ తక్కువ గనుక తెల్లవారేసరికి కొరత వస్తుంది. ఈ రెండు తెలివిడులు ఒకే బుర్రలో ఉన్నాయి, ఒకదానికొకటి ఎదురుపడవు. బడిలోని మొక్క పేరు హైడ్రిల్లా. ఇంటిదగ్గర దాన్ని నాచు అనో పాచి అనో అంటారు. పేర్లు వేరు కావడమే చాలాసార్లు అడ్డుగోడ.

“చేపలెందుకు తేలతాయి సార్?” అన్న ప్రశ్నకు ఉపాధ్యాయుడు పై వివరణ అంతా నిమిషంలో చెప్పేయగలడు. చెప్పేస్తే ఒక మంచి పాఠం అవుతుంది. అన్వేషణ మాత్రం అక్కడితో అయిపోతుంది. అలా కాక, ఏ రోజుల్లో తేలాయి, ఆ ముందురోజు ఎండ ఎలా ఉంది, ఏ వేళకు ఇంజన్ వేశారు, ఏ వేళకు ఆపారు అని రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో రాయమంటే ఖర్చు ఏమీ లేదు. ప్రాణవాయువును కొలిచే పరికరం లేకపోయినా నిమిషానికి ఎన్నిసార్లు చేపలు పైకి వచ్చాయో లెక్కపెట్టవచ్చు. రాసిన పదిమందిలో ఇద్దరి లెక్కలు మిగతావారితో కలవవు. ఎందుకు కలవలేదన్న వాదన మొదలైనప్పుడు తరగతిలో విజ్ఞానశాస్త్రం మొదలవుతుంది. చేపల సాంద్రతా, మేతా, నీటిలోతా అని పరికల్పనలు అప్పుడు పుడతాయి. గైడు వాటిని ముందుగా అచ్చువేయలేదు.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ ఉంది. అక్కడి వ్యవహారంలో ‘తరుగు’ అనేది నిత్యం వినిపించే మాట. వానవారంలో కిలో ఉల్లి ఎంత తరిగింది, ఎండవారంలో ఎంత, ఆరబెడితే ఎంత, గోనెలోనే ఉంచితే ఎంత అన్నవి వంటింటి తూకంతో తేలే ప్రశ్నలు. అదే ఊరికి ఆనుకొని జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల పిల్లలు సాధారణంగా వాటిని సందర్శనకు వెళతారు. తమ తూకపు లెక్కలు పట్టుకొని, అవి ఎందుకు కుదరలేదో అడగడానికి వెళ్ళడం వేరే రకమైన ప్రయాణం అవుతుంది. ఆటపాకలో గూడబాతులను చూపించి, బోర్డు మీది వివరాలు రాయించి తీసుకువచ్చే క్షేత్రపర్యటనకూ ఇదే వర్తిస్తుంది. ఆ పక్షులు చెట్లమీద కాక ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు పెట్టుకొని ఉండడం ప్రతి పిల్లా చూస్తుంది. నివేదికలో పక్షుల పేర్లు వస్తాయి, స్టాండ్లు రావు. స్థానికమైనదంతా దానంతట అదే అన్వేషణ అయిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది.

5. ఏలూరు, డిసెంబరు 2020

జవాబు ఎవరికీ తెలియని ప్రశ్న ఎలా ఉంటుందో ఏలూరు ఒకసారి ప్రత్యక్షంగా చూసింది. 2020 డిసెంబరు 5న నగరంలో ఉన్నట్టుండి మనుషులు మూర్ఛ, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం వంటి లక్షణాలతో పడిపోవడం మొదలైంది. కొద్దిరోజుల్లో బాధితుల సంఖ్య 600 దాటింది. తాగునీటిని అనుమానించారు, తొలి పరీక్షల్లో నీటిలో తేడా కనిపించలేదు. నగరపాలక సంస్థ నీరు అందని చోట్లా బాధితులు ఉన్నారు. పాలను, కూరగాయలను, గాలిని పరీక్షించారు. ఢిల్లీ నుంచి అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ, ఇతర జాతీయ పరిశోధన సంస్థలు వచ్చాయి. రక్తనమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు మొదట వెల్లడైంది. పురుగుమందుల అవశేషాలే ప్రధానకారణమని ఆ తరువాత నిపుణులు అభిప్రాయపడ్డారు. అవి శరీరంలోకి ఎలా చేరాయన్నది దీర్ఘకాలిక అధ్యయనానికి వదిలారు.

ఆ పరిశోధన నడిచిన తీరును భాషాదృష్టితో చూస్తే, అది మొత్తం ‘ఎవరికి’, ‘ఎక్కడ’, ‘ఏ రోజు’, ‘ఏమి తిన్నారు, ఏమి తాగారు’ అనే ప్రశ్నల మీదనే సాగింది. అందరి నోటా ఉన్న ‘ఎందుకు’ చివరిదాకా పూర్తిగా లొంగలేదు. ఒక పరికల్పన ఎలా కూలుతుందో, నిపుణులు నిన్న అన్నమాటను నేడు ఎలా సవరించుకుంటారో, అలా సవరించుకోవడం అసమర్థత ఎందుకు కాదో పాఠ్యపుస్తకం చెప్పలేని విషయాలు. తొమ్మిది, పది తరగతులు అప్పటికి నెలరోజులుగా నడుస్తున్నాయి. పిల్లలు ఆ వార్తలను బాధతో, భయంతో వింటున్నారు. కొందరు తమ ఇళ్ళలోనే చూశారు. భయంలో ఉన్న పిల్లలముందు పాఠం పెట్టడం తగునా అన్న సంకోచం న్యాయమైనదే. కాని ఆ సంఘటన నాలుగైదేళ్ళు గడిచిన తరువాత కూడా, ఎదులాబాదు చేపల్లో భారలోహాలను గురించి చదివిన తరగతిలో ఒక చర్చాంశం కాకపోతే, దానికి సంకోచం ఒక్కటే కారణం కాదు. నిర్ధారణ పూర్తికాని విషయం పరీక్షకు పనికిరాదు. పనికిరానిది పాఠం కాదు.

6. ఉపాధ్యాయునికి కావలసినది

జవాబు తెలియని చోట నిలబడడానికి ఉపాధ్యాయునికి ఒక వ్యవస్థ అండ కావాలి. మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞానబోధన కార్యక్రమం ఈ విషయంలో నేటికీ చదవదగిన అనుభవం. పిల్లలు తమ ప్రశ్నలను ‘సవాలీరామ్’ అనే ఊహాపాత్రకు ఉత్తరాలుగా రాసేవారు. తరగతిలో చెప్పలేనిదాన్ని అడగడానికి ఉపాధ్యాయునికి, పిల్లలకు ఉమ్మడిగా ఒక చిరునామా ఉండేది. ఉపాధ్యాయులు నెలవారీ సమావేశాల్లో తమకు అంతుపట్టనివి చర్చించుకొనేవారు. ముప్ఫై ఏళ్ళు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. తెలుగునాట 1988లో ఏర్పడిన జనవిజ్ఞానవేదిక, దాని ‘చెకుముకి’ పత్రిక పిల్లల్లో విజ్ఞానాసక్తిని నిలిపి ఉంచిన తీరు ప్రశంసనీయం. అయితే ఆ పేరుతో జరిగే పోటీలు కూడా ప్రధానంగా సరైన జవాబుకే బహుమతి ఇస్తాయి. 1993 నుంచి దేశమంతటా జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్ స్థానిక సమస్యపై పిల్లల ప్రాజెక్టును కోరుతుంది. ఇది సరైన దిశ. కాని పాఠశాలకు ఒకటి రెండు జట్లకే అవకాశం దొరుకుతుంది. మిగిలిన తరగతి చప్పట్లు కొడుతుంది.

మూల్యాంకనంలోనూ ఇదే ఇరుకు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టుపనికి, పిల్లల ప్రతిస్పందనలకు చోటు కల్పించారు. ఆ మార్కులను పాఠశాలలు ఉదారంగా పంచిపెడుతున్నాయన్న విమర్శల నడుమ, పదవ తరగతికి ఉన్న 20 అంతర్గత మార్కులను 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొలగించింది. విమర్శలో నిజం ఉంది. మార్కులు పోయాక రెండు వారాల నోటుపుస్తకానికి పదవ తరగతిలో మిగిలిన బలం ఉపాధ్యాయుని ఇష్టం ఒక్కటే అన్నదీ నిజమే.

2024-25 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతికి జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పుస్తకాలు ద్విభాషా ముద్రణలో అమలులోకి వచ్చాయి. జాతీయస్థాయి పోటీపరీక్షలకు సౌలభ్యం అన్నది దానికి చెప్పే కారణం. ఒకవైపు ఇంగ్లీషు, ఎదుటిపుటలో తెలుగు. జాతీయ మండలి రాసిన ‘మన పర్యావరణం’ అధ్యాయంలో ఆహారపు గొలుసు ఉంది, ఓజోన్ పొర ఉంది. కొల్లేరు లేదు, ఎదులాబాదు లేదు. పాత పాఠంలోని ప్రశ్నలు పట్టిక దాటి రాలేదన్న విమర్శ ఇప్పుడు చేయడానికి ఆ పట్టికే మిగలలేదు. కైకలూరు బడిలో ఆహారపు గొలుసు పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కిటికీలోంచి కనిపించే చెరువును తరగతిలోకి తేవాలంటే ఇకమీదట పుస్తకం తోడురాదు. తెల్లవారుజామున ఇంజన్ ఎప్పుడు వేశారో రాసుకొచ్చిన పిల్ల నోటుపుస్తకం చేతికి వచ్చినప్పుడు, దాన్ని ఏ పాఠం కింద దిద్దాలో అతనే తేల్చుకోవాలి.